అమ్మకి తుంటి మార్పిడి: సిరామిక్కా, మెటలా?

ఆమదాలవలస అబ్బాయి:
మా అమ్మకి 61. ఎడమ తుంటి బంతి అరిగిపోయింది, రాత్రుళ్లు నిద్దర లేదు. విశాఖలో ఒక డాక్టరు సిరామిక్ బంతి, ప్లాస్టిక్ గిన్నె వేద్దామన్నారు. ఇంకొకాయన మెటల్ బంతి చాలు, డబ్బు మిగుల్తాది అన్నారు. మెటల్ అయితే ఒంట్లో విషం దిగిపోతాదని పక్కింటాయన అమ్మని బెదరగొట్టేశాడు. ఎన్నాళ్లు నిలుస్తాది? కత్తిపీట ముందు కూకోకుండా అమ్మ ఉండలేదు, అదో బెంగ.

రాజాం మేష్టారు:
బాబూ, నా కుడి తుంటి మార్చి ఆరేళ్లయింది. మీ పక్కింటాయన మాట ఊరికే పుట్టలేదు గానీ, అది వేరే సరుకు. బంతీ గిన్నే రెండూ మెటల్‌వే అయితే రాపిడికి కోబాల్టు, క్రోమియం రక్తంలో కలిసేవి. డిప్యూ అనే కంపెనీ అలాంటి తుంటినే ఏఎస్ఆర్ పేరుతో అమ్మేది, అందుకే 2010లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో అది వేయించుకున్న చాలామంది ఆచూకీయే దొరకలేదు. అంచేత ఆపరేషనయ్యాక ఇంప్లాంటు స్టిక్కరు (వేసిన సరుకు కంపెనీ, నంబరు ఉండేది) అడిగి ఫైల్లో అంటించండి. నాదానికి నాలుగుసార్లు తిరిగాను, అదేదో వాళ్ల ఆస్తయినట్టు!

మీకు చెప్పిన రెండింట్లోనూ గిన్నె ప్లాస్టిక్కే. క్రాస్‌లింక్డ్ రకమేనా, అంటే గట్టిపరిచిన ప్లాస్టిక్కేనా అని అడగండి, పాతదానికంటే అది చాలా తక్కువ అరుగుతుంది. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్కలో మార్చిన తుంట్లలో నూటికి 58 25 ఏళ్లు నిలిచాయి. ధర మాత్రం గట్టిగా బేరమాడండి. 2017లో మోకాలి ఇంప్లాంట్లకి కేంద్రం ధర కట్టింది, తుంటిని అందులో కలపలేదు.

ఇక అసలు సంగతి. నాకు వెనకవైపు నుంచి కోశారు. వంగొద్దు, బాసింపట్టు వద్దు, ఎత్తు కుర్చీయే అన్నారు. ఎనిమిదో వారంలో చేలో మడవ కట్టడానికి వంగాను. టక్కుమంది, బంతి బయటికొచ్చేసింది. గట్టు మీద పడి అరిచిన అరుపుకి పక్కచేలో కూలీలు పరుగెత్తుకొచ్చారు. మత్తిచ్చి లాగి సరిచేశారు, మళ్లీ కొయ్యలేదు. సిరామిక్కైనా మెటలైనా మడవ కడితే ఒకటే.

బొబ్బిలి కోడలు:
మావయ్యగారికి ముందువైపు నుంచి చేశారు, అన్ని ఆంక్షలు పెట్టలేదు. కానీ తొడ బయటివైపు కొన్నాళ్లు తిమ్మిరిగా ఉండేది. ఏ దారైనా మీ డాక్టరు చేతికి అలవాటైనదే మంచిది.

ఆమదాలవలస అబ్బాయి:
మేష్టారూ, బాత్రూంలో ఎత్తు సీటు పెట్టించడానికి మేస్త్రీని పిలిచాను. కత్తిపీట అటకెక్కించాను. అమ్మ రెండు రోజులుగా మాట్లాడ్డం లేదు.

రాజాం మేష్టారు:
మా ఇంట్లో దాన్ని బల్ల మీద పెట్టి బిగించాం. నిలబడి కోస్తుంది మా ఆవిడ. ఫోటో పెడతాను.