కలం లేని కలంకారీ: బందరు బట్టని ఏమని పిలవాలి?

ప్రశ్న:

శిల్పారామంలో ఒక దుకాణం ముందు పెద్ద అక్షరాలతో 'కలంకారీ' అని బోర్డు ఉంది. లోపలున్నవన్నీ అచ్చులతో వేసిన బందరు బట్టలే. మా పిన్ని "ఇది కలంకారీ కాదు, అద్దకం" అంది. దుకాణం ఆయన "రెండూ ఒకటేనమ్మా" అన్నాడు. కొనడం పక్కనపెట్టి కాసేపు ఇదే వాదన. పేరులో కలం ఉండి పనిలో కలం లేకపోతే ఆ పేరు తప్పు కాదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:

అద్దకం అన్న మీ పిన్నిగారి మాట సరైనదే. అలాగని దుకాణం ఆయనని మరీ కొట్టిపారేయలేం.

కలంకారీ పారశీకం నుంచి వచ్చింది. కలం మనకి తెలిసిందే, కార్ అంటే పని. కారీగర్, కార్ఖానా, మీనాకారీ అన్నీ ఈ ఇంటి పిల్లలే, హైదరాబాదులో ఉండేవాళ్ళకి కొత్త కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు రేవు నుంచి ఈ బట్టలు పర్షియాకి ఓడలెక్కేవి. కొనేవాడి భాషలోనే పేరు స్థిరపడింది. అమ్మకానికి పోయే సరుకు ఏదైనా అంతే.

ఇక అసలు సంగతి. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో ఈనాటికీ 'కలంకార్' అని అమ్మే బట్టలు చాలావరకు చెక్క అచ్చులతో వేసేవే. అంటే పేరు పుట్టిన దేశంలోనే అది అచ్చుపనికి చెల్లుతోంది. కాబట్టి "కలం లేదు కనక తప్పు" అనే వాదన నిలవదు.

మరి మనవాళ్ళు ఏమనేవారు? శ్రీకాళహస్తి పనికి వ్రాతపని, బందరు పనికి అద్దకం. వ్రాతపని అన్న మాట నాకు భలే ఇష్టం. పాత తెలుగులో చిత్తరువుని కూడా 'వ్రాసేవారు', గీయడం అని విడగొట్టింది తర్వాతే. కాళహస్తి గుడ్డల మీద రామాయణ ఘట్టాలు వరుసగా వేసి, కింద తెలుగు అక్షరాలతో కథ కూడా రాస్తారు. బొమ్మా రాతే, మాటా రాతే. కలం అంటే అక్కడ ఫౌంటెన్ పెన్ను కాదు సుమా! వెదురు పుల్లని మొన తేల్చి, మొనకి కాస్త పైన గుడ్డో ఉన్నో చుట్టి, దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగు పీల్చుకుంటుంది. వేళ్ళతో నొక్కినకొద్దీ మొనలోంచి దిగుతుంది. ముందుగా కాల్చిన చింతపుల్ల బొగ్గుతో గీతలు పెట్టుకుని, ఆపైన కలం పడతారు.

వ్యాఖ్య:

మాది బందరు దగ్గర అచ్చుపని చేసే పెడన పక్కనే అండీ. అద్దకం మాటకి ఒక సవరణ. అద్దడం అంటే కాటుక అద్దినట్టు, దెబ్బకి మందు అద్దినట్టు మెత్తగా తాకించి తీయడం అనుకుంటారు. మా దగ్గర పెద్ద అచ్చు అయితే గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒకటి వేస్తారు. అంత సుకుమారం ఏమీ ఉండదు.

ఇంకొకటి, అద్దేదంతా రంగు అనుకోకండి. గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెడతారు. నల్లగీతలకి కసిమి వాడతారు. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది పడగానే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట అద్దేది మాత్రం పటిక నీళ్ళు. అందులో ఎరుపేమీ ఉండదు. తర్వాత పారే నీళ్ళలో ఉతికి, ఎరుపు రంగు కలిపిన కాగులో ఉడకబెడితే పటిక తాకిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది, తక్కిన గుడ్డ పట్టుకోదు. కాబట్టి అచ్చు వేసేది జాగా మాత్రమే, రంగు వచ్చేది కాగులో.

జవాబు:

ఇది నేను రాసుంటే ఇంత బాగా వచ్చేది కాదు.

వ్యాఖ్య:

ఒక అనుమానం. అద్దకం అంటే ఇంగ్లీషులో డైయింగ్ కదా? 'రంగుల అద్దకం', 'అద్దకపు పరిశ్రమ' అంటుంటాం. పోచంపల్లిలో నూలుకి రంగు వేసేదీ అద్దకమే. అదే మాటని బందరు అచ్చుపనికి పెడితే అయోమయం కాదా?

జవాబు:

మంచి పాయింటు. అవును, ఈ మాట రెండు పనులకీ నడుస్తోంది: గుడ్డనో నూలునో మొత్తంగా రంగులో ముంచడం, అక్కడక్కడ అచ్చు వేయడం. పెడన వారి వివరం చూస్తే కారణం ఊహించుకోవచ్చు. బందరులో ఈ రెండూ ఒకే పనిలో కలిసిపోయాయి, అచ్చు లేకుండా కాగు లేదు, కాగు లేకుండా ఎరుపు లేదు. గందరగోళం వస్తుందనిపిస్తే 'అచ్చు అద్దకం' అందాం. పోచంపల్లి పనిని కలపకండి. అక్కడ నేయకముందే నూలుని కట్లు కట్టి రంగులో ముంచుతారు, నేతలో బొమ్మ తేలుతుంది. చిట్కి అనేవారు. ఇప్పుడు అందరికీ అది ఇక్కత్, ఆ మాట మలయా దీవుల నుంచి వచ్చింది. చూశారా, అక్కడా అదే కథ.

వ్యాఖ్య:

ఈ పేర్ల గొడవంతా మనం తెచ్చిపెట్టుకున్నది కాదా? మా అమ్మమ్మ 'చీటి పరికిణీ' అనేది. పూలు అచ్చువేసిన ఏ గుడ్డైనా చీటే.

జవాబు:

అమ్మమ్మగారి చీటి హిందుస్తానీ 'ఛీంట్'కి దగ్గరిది, ఇంగ్లీషు చింట్జ్ కూడా ఆ వంశమే. ఇది లోకమంతా తిరిగిన సరుకు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే మొగలు కొలువు డేరాల గురించి రాస్తూ మచిలీపట్నంలో, అంటే మన బందరులో, చేత్తో వేసిన ఛీంట్ బట్టల ప్రస్తావన తెచ్చాడు. ఐరోపాలో ఈ గుడ్డలకి ఎంత గిరాకీ అంటే అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి మీద చట్టం తెచ్చింది, 1721లో వాడకం మీదే మరొకటి తెచ్చింది. తర్వాత వాళ్ళే మిల్లుల్లో అచ్చుగుడ్డలు తయారుచేసి మనకి అమ్మారు. చట్టంతో తలుపు మూసి, మిల్లుతో కిటికీలోంచి దూరారు. అద్దకం చేసే ఇళ్ళకి గిరాకీ పడిపోయింది.

ప్రశ్న పెట్టినవారు:

మరి కలంకారీ అన్న పేరే ఎలా మిగిలింది? అద్దకం ఎందుకు వెనకబడింది?

జవాబు:

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం ఘాటుగా ఉంటుంది, ముందే చెప్తున్నా.

స్వాతంత్ర్యం వచ్చాక చేతిపనుల్ని నిలబెట్టే భారం 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు మీద పడింది. కమలాదేవీ ఛటోపాధ్యాయ ఆ పనికి పెద్దదిక్కు. కాళహస్తిలో పని చేతనైనవాళ్ళు దొరకడమే కష్టమైన రోజుల్లో 1957లో శిక్షణ కేంద్రం వచ్చింది. ఆ తరం నుంచి వచ్చిన జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. ఇదంతా నిజంగా మేలే. ఆ పూనిక లేకపోతే ఇవాళ మనం పేరు గురించి కొట్టుకోవడానికి వస్తువే ఉండేది కాదు.

కానీ ఆ బోర్డులకి, ఎంపోరియాలకి ఢిల్లీలోనూ అమెరికాలోనూ అమ్ముకునే పేరు కావాలి. అద్దకం అంటే బెంగుళూరు దాటితే ఎవరికీ తెలియదు. కలంకారీ అప్పటికే పర్షియన్ పలుకుబడి ఉన్న పేరు. కాళహస్తికి, బందరుకి రెండింటికీ అదే తగిలించారు, భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఇద్దరికీ విడివిడిగా కలంకారీ పేరు మీదే వచ్చింది. వస్తువు బతికింది, పనిని చెప్పే మాట చావిడిలోనే ఉండిపోయింది. దీనికి కమలాదేవిగారిని తప్పుపట్టను. కానీ ఆ రోజుల్లో తెలుగు తెలిసినవాళ్ళు ఒకరు కూర్చుని లేబుల్ మీద 'బందరు అద్దకం' అని రెండో వరుస వేయించి ఉంటే కాగితం ఖర్చేం పెరిగేది?

వ్యాఖ్య:

బాగుంది గానీ వ్యాపారం మాట ఎవరు చూస్తారు? కోఠీలో, అమీర్‌పేటలో అద్దకం అని బోర్డు పెడితే జనం డ్రై క్లీనింగ్ షాపు అనుకుంటారు.

జవాబు:

హహ, నిజమే. నేను బోర్డు మార్చమనడం లేదు. పెద్దక్షరాల్లో కలంకారీయే ఉంచండి, కింద చిన్న అక్షరాల్లో 'బందరు అచ్చు అద్దకం' లేదా 'కాళహస్తి వ్రాతపని' అని రాయండి. కొనేవాళ్ళకి తేడా తెలుస్తుంది. ధర ఎందుకు అంత తేడానో కూడా అర్థమవుతుంది. వ్రాతపని చీర అంగుళం అంగుళం చేత్తో పడుతుంది, అచ్చు అద్దకం దానికంటే త్వరగా అవుతుంది.

అసలు కోపం రావాల్సింది వేరేవాటి మీద. స్క్రీన్ ప్రింట్ వేసిన పాలియెస్టర్ మీద కూడా కలంకారీ అని లేబుల్ అతికిస్తున్నారు. అక్కడ కలమూ లేదు, అచ్చూ లేదు, కరక్కాయ వాసనా లేదు. పెడనలో అచ్చు కొట్టే మనిషికి నష్టం అక్కడి నుంచి. పిన్నిగారు పోట్లాడాల్సింది ఆ దుకాణంతో.

వ్యాఖ్య:

హైదరాబాదు సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా: పట్టూ నూలూ కలిపి నేసే హిమ్రూ, మష్రూ బట్టలు కూడా మన తెలుగువాళ్ళవేనా? వాటికి తెలుగు పేరు ఉందా?

జవాబు:

ఆ పేర్లు ఇక్కడి దక్కనీ ఉర్దూలోనివి, వాటిని అలాగే అనడమే మర్యాద. మష్రూ అంటే అరబ్బీలో 'అనుమతించినది'. ఒంటికి తగిలే వైపు నూలు, పైకి కనిపించే వైపు పట్టు వస్తుంది కాబట్టి మగవాళ్ళు పట్టు కట్టకూడదన్న ఇస్లాం నియమాన్ని మీరినట్టు కాదు. హిమ్రూని హైదరాబాదులో నిలబెట్టినవారిలో సురయ్యా హసన్ బోస్ గారిని తలుచుకోవాలి. దర్గా హుసేన్ షా వలీ దగ్గర ఆమె మగ్గాలు పెట్టి, భర్తల్ని కోల్పోయిన ఆడవాళ్ళకి నేత నేర్పారు. 2021లో పోయారు. ఆమె పని గురించి ఎవరైనా విడిగా రాయండి, ఈ దారంలో కలిపితే చిక్కుపడుతుంది.

ప్రశ్న పెట్టినవారు:

పిన్నికి చదివి వినిపించాను. "సరే, కలంకారీ అనుకో. కానీ చీర మీద కాళహస్తా బందరా అని అడిగే కొను" అంది.

జవాబు:

అడగండి. రెండోవైపు తిప్పి కూడా చూడండి. వ్రాతపనైనా అచ్చు అద్దకమైనా సరిగా చేస్తే గుడ్డ వెనకకి రంగు కొంతవరకు దిగుతుంది. స్క్రీన్ ప్రింట్ అయితే చాలాసార్లు వెనక తెల్లగా మిగిలిపోతుంది.