అప్‌డేట్: షికాగో ఇంట్లో గడ్డకట్టిన పైపు, చివరికి తేలింది ఇదీ

సంక్రాంతికి మా అబ్బాయి కుటుంబం విజయవాడ వచ్చినప్పుడు, షికాగోలోని వాళ్ల ఇంట్లో వంటగది కుళాయి నుంచి చుక్క నీరు రావడం లేదని, తాళం ఉంచుకున్న పొరుగాయన ఫోను చేస్తే కంగారుపడి, వాటర్ హీటరు చెడిందేమోనని ఇక్కడ అడిగాను. బదులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పైపు పగలలేదు.

ముందు ఇంటికి నీళ్లు వచ్చే మెయిన్ వాల్వు కట్టేయమన్న సలహా నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. పైపు ఎక్కడైనా చీలి ఉంటే, మంచు కరిగిన మరుక్షణం ఇల్లంతా నీళ్లే. మాకు రాత్రి 10:30, అక్కడ ఉదయం 11. పొరుగాయన వాల్వు కట్టేసి, కుళాయి తెరిచి ఉంచి, సింకు కింది అర తలుపులు బార్లా తీసి, హెయిర్ డ్రయ్యరుతో కుళాయి వైపు నుంచి వెనక్కి వేడి చేస్తూ వెళ్లారు. కరిగిన నీటికి బయటికి దారి ఉండాలి కదా. మంట జోలికి పోవద్దని మీరు గట్టిగా చెప్పడం మంచిదైంది. రెండు గంటల తర్వాత వాల్వు మెల్లగా తిప్పితే నీళ్లు వచ్చాయి, ఎక్కడా కారలేదు.

మర్నాడు ప్లంబరు అసలు కారణం చూపించారు. ఆ పైపు బయటి గోడలోంచి వెళ్తోంది, అక్కడ చలిని ఆపే పొర (ఇన్సులేషన్) లేదు. పైగా ఖర్చు తగ్గుతుందని మా అబ్బాయి ఇంటి వేడిని 45 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దించి వచ్చాడు. 55కి, అంటే సుమారు 13 సెల్సియస్‌కి, తగ్గకూడదట. మే నెలలో ట్యాంకు నీళ్లకు చెయ్యి కాలే ఊళ్లో ఉన్న నాకు ఇది తట్టనే లేదు.

వాటర్ హీటరు చెడిందన్న నా అనుమానం మాత్రం తప్పు. చన్నీళ్లూ ఆగిపోయాయి. పైపుకు ఫోము తొడుగు వేయించాం.