వీధి చివరి ఇల్లా, రోడ్డు పక్క ఇల్లా? నిశ్శబ్దం కోసం శివారుకి వెళ్ళడం తెలివైన పనేనా?

రెండిళ్ళ మధ్య:
అందరికీ నమస్కారం. రెండు ఇళ్ళు చూశాం. రెండూ ఇంచుమించు ఒకే ధర. ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి.

మొదటిది శివారు కాలనీలో. మెయిన్ రోడ్డు దిగి రెండు మలుపులు తిరిగాక వచ్చే వీధి, అందులో చివరి నుంచి రెండో ఇల్లు. అక్కడితో దారి ఆగిపోతుంది. మొత్తం 12 ఇళ్ళు, మాకు పక్కనే ఒక ఖాళీ స్థలం. మేం చూడ్డానికి వెళ్ళినప్పుడు పిట్టల కూతలు తప్ప ఏమీ వినపడలేదు. నాకు అక్కడే నచ్చేసింది. రెండోదానికి ఒక గది తక్కువ. బస్‌స్టాప్ పక్కనే, ముందు రోడ్డు మీద బళ్ళు తెగకుండా తిరుగుతాయి. మా ఆవిడ ఓటు దానికి. "నిశ్శబ్దం నిశ్శబ్దం అంటారు, పగలంతా అందులో ఉండాల్సింది నేనూ మావయ్యగారూ, మీరు కాదు" అంటోంది. మా నాన్నకి 74, మోకాళ్ళ నొప్పులు. పాపకి 6.

మీరైతే ఏది కొంటారు, ఎందుకు? "మీ ఇష్టం" అని మాత్రం రాయకండి, ఆ మాట చుట్టాలందరూ ఇప్పటికే చెప్పారు.

గేటు చప్పుడు:
ముందు ఒకటి చెప్పండి, ఎన్నింటికి వెళ్ళి చూశారు? మధ్యాహ్నం 12కీ 3కీ మధ్యయితే ఆ నిశ్శబ్దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ వేళప్పుడు చాలా వీధులు కునుకు తీస్తుంటాయి.

నేను ఆరేళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి వీధిలోనే కొన్నాను. మొదటి వారం స్వర్గం. రెండో వారం నుంచి ఎదురింటి గేటు మొదలైంది. బరువైన ఇనప గేటు, కింది బందు తుప్పు పట్టింది. ఆయన తెల్లవారుజామున 4:20కి డ్యూటీకి బయలుదేరతాడు. ముందు సన్నగా కీచుమంటుంది, మధ్యలో ఒక్క క్షణం ఆగుతుంది, చివర ఠంగుమని గోడకి తగులుతుంది. ఆ మధ్యలో ఆగే క్షణం ఉంది చూశారూ, అదే చంపేది. పాత ఇంట్లో కిటికీ కింద లారీలు పోతున్నా లేవనివాణ్ణి, ఇక్కడ 4:15కే మెలకువ వచ్చి ఆ ఠంగు కోసం చెవులు రిక్కించుకుని పడుకునేవాణ్ణి. రోడ్డు రొదలో చిన్న చప్పుళ్ళన్నీ కలిసిపోతాయి. నిశ్శబ్దమైన వీధిలో ఏ చప్పుడు ఎవరింటిదో తెలిసిపోతుంది.

రెండు నెలలు ఓర్చుకుని, ఓ ఆదివారం నూనె సీసా పట్టుకుని వెళ్ళాను. ఆయనేమీ అనుకోలేదు, నవ్వి "సరే, మరి మీ మోటారు సంగతేంటండీ?" అన్నాడు. మేం రాత్రి 11కి నీళ్ళ మోటారు వేసుకునేవాళ్ళం. ఆ గుర్రు వాళ్ళ పడగ్గదిలోకి నేరుగా వెళ్తోందట. ఆ రెండు నెలలుగా వాళ్ళూ ఓర్చుకుంటున్నారు!

అయినా ఆ ఇల్లు అమ్మను. కానీ నిశ్శబ్దం ఇంటితో పాటు వస్తుందనుకుంటే పొరపాటు. చుట్టూ ఉన్న పదకొండు ఇళ్ళవాళ్ళు రోజూ ఇస్తే ఉంటుంది, లేకపోతే లేదు.

లెక్కల మాస్టారు:
గేటు కథ బాగుంది గానీ అసలు ఖర్చు గేటు కాదు, టైమ్. శివారు నుంచి ఆఫీసుకి ఒక్కోవైపు 20 నిమిషాలు ఎక్కువ పడుతుందనుకుందాం. రోజుకి 40 నిమిషాలు. ఏడాదికి 240 పనిదినాలు వేసుకుంటే 160 గంటలు. అంటే ఎనిమిది గంటల డ్యూటీ లెక్కన 20 రోజులు. లోన్ 20 ఏళ్ళయితే 400 రోజులు సీట్లో కూర్చుని గడిపేస్తారు. ఏ నిశ్శబ్దం కోసమైతే కొన్నారో, దాన్ని అనుభవించే టైమే దానికి పెట్టే ఖర్చు అయిపోతోంది. నేనైతే రోడ్డు పక్కదే కొంటాను. కిటికీలకి డబుల్ గ్లాస్ వేయించుకోవచ్చు, దూరానికి ఏం వేయిస్తారు?

నడకరాయుడు:
డబుల్ గ్లాస్ పనిచేసేది కిటికీ మూసి ఉన్నంతసేపే మాస్టారూ. ఎండాకాలం రాత్రి కిటికీ తీశారంటే పెట్టిన డబ్బంతా గాల్లోకే.

రోడ్డు చప్పుణ్ణి తేలిగ్గా తీసిపారేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ ప్రాంతానికి ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోడ్డు ట్రాఫిక్ చప్పుడు రోజు మొత్తం సగటున 53 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని చెప్పింది. గుండెజబ్బులూ నిద్రా చూసి పెట్టిన అంకెలు అవి. ఎడతెగని ట్రాఫిక్ ఉన్న రోడ్డుకి 10 మీటర్ల నుంచి 20 మీటర్లకి జరిగినా తగ్గేది సుమారు 3 డెసిబెల్సే. చెవికి సగమైనట్టు అనిపించాలంటే 10 దాకా తగ్గాలి. అందుకే "కొంచెం లోపలికి ఉందిలెండి" అని బ్రోకర్ చెప్పే మాటకి పెద్ద విలువ లేదు. మధ్యలో ఒక వరస ఇళ్ళు అడ్డం ఉండాలి, అప్పుడు తేడా తెలుస్తుంది.

ఇంకోటి. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అని ఒక నగర రూపకల్పన ప్రొఫెసర్, 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకేలాంటి మూడు వీధులు తీసుకున్నాడు. ఒకదాంట్లో రోజుకి సుమారు 2,000 బళ్ళు, రెండోదాంట్లో 8,000, మూడోదాంట్లో 16,000. మనుషుల్ని కూర్చోబెట్టి, ఈ వీధిలో మీ స్నేహితులెవరని అడిగాడు. బళ్ళు తక్కువున్న వీధిలో మనిషికి సగటున ముగ్గురు. ఎక్కువున్న వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9. బళ్ళు పెరిగేకొద్దీ ఎదురిల్లు ఇంకో ఊరైపోతుందన్నమాట. పాపకి ఆరేళ్ళంటున్నారు. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి సెకనుకి 14 మీటర్లు వస్తుంది, 30లో అయితే 8 చిల్లర. బంతి వెనక పరిగెత్తే పిల్లకి ఆ తేడా చాలు. నా ఓటు వీధి చివరి ఇంటికే.

ఇంటిపట్టున ఉండేదాన్ని:
నడకరాయుడు గారూ, ఆ మూడు వీధులూ నగరం నడిబొడ్డున ఉన్నవే కదండీ. బళ్ళు తక్కువే గానీ కొట్టు, బడి, బస్సు అన్నీ నడిచేంత దూరంలోనే. కాబట్టి జనం గుమ్మాల ముందు కనపడతారు. శివారు వీధిలో బళ్ళతో పాటు మనుషులూ తక్కువే. రెండింటినీ ఒకే గాటన కట్టేశారు మీరు.

నేను అలాంటి వీధిలోనే నాలుగేళ్ళు ఉన్నాను. పొద్దున 8 నుంచి 9 దాకా కార్లు వరసగా వెనక్కి తీస్తారు, అద్దాలు ఎత్తే ఉంటాయి, చెయ్యి ఊపితే ఊపుతారు. 9 తర్వాత సాయంత్రం 6 దాకా వీధిలో నేనూ, కరెంటు తీగ మీద కాకులూ. పక్కింటావిడ పేరు నాకు పదకొండో నెలలో తెలిసింది, అదీ వాళ్ళ కొరియర్ పొరపాటున మా ఇంటికి రావడం వల్ల. మగవాళ్ళు సాయంత్రం వచ్చి "ఎంత ప్రశాంతంగా ఉందో" అంటుంటే ఒళ్ళు మండేది. మీకు అది రోజు చివర్లో దొరికే విశ్రాంతి. నాకది తొమ్మిది గంటల డ్యూటీ.

భద్రత సంగతి కూడా. వీధిని కాపాడేది గుమ్మాల్లో, కిటికీల్లో ఉండే కళ్ళేనని, నగరాల గురించి రాసిన అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే చెప్పింది. ఖాళీ వీధిలో నా గుమ్మం ముందు ఎవరైనా తెలియనివాడు నిలబడితే చూసేది ఎవరు? మీ ఆవిడ చెప్పింది మళ్ళీ ఒకసారి చదవండి. ఆవిడ అడుగుతున్నది ట్రాఫిక్ కాదు.

నడకరాయుడు:
ఒప్పుకుంటున్నానమ్మా. నగరం వీధిని శివారుకి అతికించాను. స్నేహితుల అంకె వెనక్కి తీసుకుంటున్నా, డెసిబెల్స్ మాత్రం తీసుకోను.

డెడ్ ఎండ్ బాధితుడు:
డెడ్ ఎండ్ అంటే బళ్ళు రావని సంబరపడకండి. చెత్త బండి వస్తుంది. వచ్చినది తిరగడానికి చోటు లేక మొత్తం వీధంతా రివర్స్‌లో వెళ్తుంది, బీప్ బీప్ బీప్ అంటూ. మా వీధి 150 మీటర్లు, చివరి ఇల్లు నాది. వారానికి మూడు రోజులు, పొద్దున 5:45కి. అలారం పెట్టుకోవడం మానేశాను.

చివర బండి తిరిగేంత గుండ్రటి జాగా ఉందో లేదో చూడండి. అంబులెన్స్‌కైనా ఫైరింజన్‌కైనా అదే కావాలి. రెండు వైపులా కార్లు పెట్టేస్తే మధ్యలో ఎంత దారి మిగులుతుందో రాత్రి 10 తర్వాత వెళ్ళి టేపుతో కొలవండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇంకో సంగతి, వీధి చివరకి వాలు ఉంటే వాననీళ్ళు కూడా అక్కడికే వచ్చి ఆగుతాయి.

అన్నట్టు, ఈ ఆగిపోయే వీధుల్ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలోని న్యూజెర్సీలో 1929లో మొదలైన రాడ్‌బర్న్ అనే కాలనీ. అక్కడ కారు దారి ఆగినచోట నడకదారి మొదలయ్యేది. ఇళ్ళ వెనక పచ్చికలోంచి బడి దాకా, పిల్లలు రోడ్డు దాటకుండానే వెళ్ళేట్టు వేశారు. తర్వాత కాపీ కొట్టినవాళ్ళలో చాలామంది కారు దారి ఆపడం వరకే నేర్చుకున్నారు, నడకదారిని వదిలేశారు. దాంతో ఏమైందంటే, గోడ అవతలే ఉన్న పార్కుకి చుట్టూ తిరిగి కిలోమీటరు నడవాలి. మీ వీధి చివర గోడ ఉందా, సందు ఉందా?

లెక్కల మాస్టారు:
ఖాళీ స్థలం గురించి ఎవరూ మాట్లాడరేం? పక్క స్థలం ఖాళీగా ఉందంటే గాలీ వెలుతురూ ఫ్రీ అనుకుంటారు. అది ఇవాళ్టి వరకే. రేపు అక్కడ పునాది తవ్వుతారు, ఆపైన ఏడాదో రెండేళ్ళో కంకర మిల్లరు, టైల్స్ కోసే మిషను. ఎవరిదో, ఏం కట్టబోతున్నారో, ఎన్ని అంతస్తులకి అనుమతి ఉందో కనుక్కోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. మాస్టర్ ప్లాన్ కూడా చూడండి. ఇవాళ ఆగిపోయిన దారి రేపు అవతలి కాలనీకి కలిసిపోవచ్చు. కలిసిన మర్నాడే మ్యాప్ యాప్‌లు షార్ట్‌కట్ అని మీ వీధిలోకి బళ్ళు తోలతాయి.

గేటు చప్పుడు:
అసలు పరీక్ష పెద్దాయన మోకాళ్ళే. మనం ఇంటి నుంచి బస్‌స్టాప్‌కి దూరం కారులో కొలుస్తాం. ఆయన్ని ఒకసారి నడిపించి చూడండి. ఇప్పుడు మీరు దింపుతారు సరే, మీకూ ఒకరోజు స్టీరింగ్ వదలాల్సిన వయసు వస్తుంది.

కుర్రాడు99:
అందరూ కొనడం గురించే మాట్లాడుతున్నారు. ఆ వీధిలోనే ఏదైనా వాటా అద్దెకి తీసుకుని ఆర్నెల్లు ఉండి చూడొచ్చు కదా అన్నా?

లెక్కల మాస్టారు:
12 ఇళ్ళ వీధిలో అద్దె వాటా దొరికేసరికి పాపకి పెళ్ళీడు వస్తుంది తమ్ముడూ.

రెండిళ్ళ మధ్య:
అందరికీ థాంక్స్. శుక్రవారం రాత్రి, సోమవారం పొద్దున రెండుసార్లు వెళ్ళొచ్చాం. మొదట చూసింది మధ్యాహ్నం రెండింటికేనని ఒప్పుకుంటున్నాను.

రాత్రి 11కి వీధి నిజంగానే ప్రశాంతంగా ఉంది. ఒక కుక్క, ఒక టీవీ, అంతే. గేటు బందులు కూడా చూశాను (నవ్వకండి). టేపు తీసుకెళ్ళాను. కార్ల మధ్య మిగిలింది 2.9 మీటర్లు. చివర తిరిగే జాగా లేదు. గోడే ఉంది, సందు లేదు.

సోమవారం నాన్నని తీసుకెళ్ళాను. ఆ ఇంటి గుమ్మం నుంచి మెయిన్ రోడ్డు దాకా నాకు 7 నిమిషాలు. ఆయనతో 19 పట్టింది. మొదటి మలుపు దగ్గరే నడుం పట్టుకుని ఆగిపోయారు. కూర్చోవడానికి దారి పొడుగునా ఒక్క అరుగు లేదు. ఒక ఇంటి ప్రహరీకి ఆనుకుని నిలబడితే, లోపల్నుంచి ఒక పెద్దావిడ ఏమీ అడక్కుండానే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గేటు బయట వేసింది. నాన్న కూర్చున్నారు. మా ఆవిడ ఆవిడతో మాటల్లో పడింది. పావుగంటలో మాకు తెలిసింది ఇదీ: ఖాళీ స్థలం ఆవిడ మరిదిది, వచ్చే ఏడాది రెండంతస్తులు మొదలుపెడతారు. చెత్త బండి 6కి వస్తుంది, రివర్స్‌లోనే. పగలు వీధిలో ఉండేది ఆవిడ, ఇంకో ఇంట్లో ఒక బాలింత, అంతే.

కారెక్కాక మా ఆవిడ ఏమీ అనలేదు. నాన్నే అన్నారు, "ఆ కుర్చీ రోజూ అక్కడే వేసి ఉంచుతుందేమో అడగకపోయావా" అని.

ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. పక్కన కట్టబోతున్నారన్న సంగతి అమ్మేవాళ్ళు మాకు చెప్పలేదు కాబట్టి ముందు ధర దగ్గర మళ్ళీ కూర్చోవాలి. ఇంటిపట్టున ఉండేవారూ, మా ఆవిడ మీతో మాట్లాడాలంటోంది. ఆ నాలుగేళ్ళలో పగటిపూట ఏం చేసేవారో, ఎందుకు ఖాళీ చేశారో వీలైతే మెసేజ్ పెట్టండి.