సమస్య: “ఏఱు వచ్చి చేర నెండెఁ జెఱువు”

ఏరు వచ్చి చేరితే చెరువు ఎండడమేమిటి? ఆ వైరుధ్యం విడిపోయేలా ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి. ఈ వారం మాట ఆస్రవం, అంటే లోపలికి పారి చేరడం. ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, ఏ–ఎ. మూడో పాదం ద్రుతంతో (చివరి న-కారంతో) ముగిస్తే ‘ఏఱు’ కాస్తా ‘నేఱు’ అవుతుంది, యతి చెడదు.

కావలి నుంచి:

కలుజు పూడియుండఁ గట్టమీఁ దెక్కిన
నీరు కోసె మట్టి నేలదాఁక
రేయి నిండియుండె, రిత్తయ్యె వేకువ
నేఱు వచ్చి చేర నెండెఁ జెఱువు

విమర్శ: ‘కలుజు’ (చెరువు నిండితే అదనపు నీరు పోయే దారి) మన నెల్లూరు మాట, అలుగు అనకపోవడం బాగుంది. కారణం కూడా సరైనదే. మట్టికట్ట మీదుగా పొర్లిన నీరు ముందు బయటి వాలును కోస్తుంది, ఆ కోత వెనక్కి పాకి గండి పడుతుంది. వైరుధ్యం ఏ పదవిరుపూ లేకుండా విడిపోయింది.

ఒంగోలు నుంచి:

కర్మజలము నిండెఁ గాలువ లైదింట
నాస్రవమ్ము నాప నాత్మ వెలుఁగు
తపపు టెండ కాయఁ దత్త్వబోధ యనెడు
నేఱు వచ్చి చేర నెండెఁ జెఱువు

విమర్శ: జైనులకు ఆస్రవం అంటే ఆత్మలోకి కర్మ పారి చేరడం. దాని ద్వారాలు ఐదు: మిథ్యాత్వం, అవిరతి, ప్రమాదం, కషాయం, యోగం. కాలువల లెక్క కుదిరింది. వచ్చే నీటిని ఆపడం సంవరం, ఉన్నది ఎండడం నిర్జర. అయితే కాలువలు మూశాక మళ్లీ ఏరెక్కడ చేరింది? ఆ ఏరు ఆత్మలోకి వచ్చిందని ఒక్క మాట ఉంటే ఉపమానం నిలుస్తుంది.

మొదట ‘ఆశ్రవమ్ము’ అని పంపారు, దిద్దాను. అక్కడ ధాతువు ‘శ్రు’, వినడం. అమరకోశంలో ఆశ్రవుడంటే చెప్పినమాట వినేవాడు. మనకు కావలసింది ‘స్రు’, పారడం. స్రావం బయటికి కారితే, ‘ఆ’ చేరి ఆస్రవం లోపలికి తిరుగుతుంది, గమనం ఆగమనమైనట్టే. అంతర్వాహిని దీనికి బదులు కాదు. అది కంటికి కనపడకుండా లోపల పారేది. సోమశిల జలాశయానికి మాత్రం ‘వచ్చే నీరు’ అంటే చాలు, అక్కడ ఆస్రవం అతకదు.

ఉదయగిరి నుంచి వచ్చిన ఒండ్రు ఊహ చక్కనిది:

ఒండ్రు పేరుకొనియె నొక్కొక్క వానకుఁ
జెఱువు లోతు తగ్గె నేటి కేఁడు

రెండో పాదంలో చె–నే యతి కుదరదు. ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) చెల్లుతుందనుకున్నా ఱ–ట కలవవు. ‘చెఱువు లోతు తగ్గెఁ జిక్కె నడుసు’ అంటే చె–జి సరిపోతుంది, ఒండ్రు ఎక్కడ నిలిచిందో కూడా కనపడుతుంది. మూడో పాదం ద్రుతాంతంగా రాసి మళ్లీ పంపండి.