వేజ్ బోర్డు చర్చలు: మీటింగ్ మీటింగ్‌కీ కార్మికులకు చెప్పాలా, సంతకాలయ్యాక చెబితే చాలా?

నైట్ షిఫ్ట్ మందమర్రి:
సింగరేణిలో 11వ వేజ్ బోర్డు, అంటే బొగ్గు గని కార్మికుల కొత్త జీతాల ఒప్పందం, 2021 జూలై 1 నుంచి రావాలి, సంతకాలయింది 2023 మే 20న. ఈ మధ్యకాలమంతా మా గని మీద సంఘం గ్రూపులో తిరిగింది ఒకటే మెసేజ్, "త్వరలో శుభవార్త" అని, కింద దండలేసుకున్న నాయకుడి ఫొటో. జీతాల పెంపు మనవాళ్లు 50 శాతం అడిగారని, యాజమాన్యం 3 దగ్గర మొదలుపెట్టిందని నేను పేపర్లో చదివి తెలుసుకున్నా. చందా మాత్రం జీతంలోంచే పోతుంది కదా! మీటింగ్ అయిన మర్నాడే గేట్ మీటింగ్ పెట్టి ఎవరు ఎంతన్నారో చెప్పాల్సిందే.

పాత పిట్ సెక్రటరీ:
తమ్ముడూ, ఎంతకు దిగుతామో పొద్దున గేటు దగ్గర చెబితే సాయంత్రానికి అది మేనేజర్ చెవిన పడుతుంది. ఆఖరి రేటు ముందే చెప్పి బేరానికి కూర్చునేవాడు ఎవడైనా ఉంటాడా? పైగా ఆలస్యం మా వల్ల కాదు. కార్మికుల జీతాలు అధికారుల స్కేళ్లను దాటకూడదని డీపీఈ (ప్రభుత్వ రంగ సంస్థలను చూసే కేంద్ర శాఖ) 2017లో ఇచ్చిన మార్గదర్శకం అడ్డం పడింది. 2023 జనవరి 3న 19 శాతానికి ఒప్పుకున్నాక కూడా ఆ చిక్కు వదల్లేదు.

నైట్ షిఫ్ట్ మందమర్రి:
అన్నా, ఆ డీపీఈ సంగతే అప్పుడు చెప్పమంటున్నా! అదేమన్నా రహస్యమా? ఎంతకు దిగుతారో మీ దగ్గరే ఉంచుకోండి, నేను అడగను. ఫైలు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అనేది యాజమాన్యానికి ఎలాగూ తెలుసు, తెలియనిది మాకే.

కోల్ బెల్ట్ కోడలు:
మీరిద్దరూ అసలుది వదిలేశారు. 19 శాతం దేని మీద? మేము గ్రాస్ మీద అనుకుని లెక్కలేసుకున్నాం. 2021 జూన్ 30 నాటి బేసిక్, వీడీఏ, ఎస్‌డీఏ (రెండూ కరువు భత్యాలే), అటెండెన్స్ బోనస్, వీటి మీదే అని ఒక్క పేస్లిప్ తీసుకుని కాగితం మీద వేసి చూపించినవాడు లేడు. మా ఆయన ఎరియర్స్ మీద ధీమాతో మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు, నెలనెలా ఆ టెన్షన్ పడింది నేను.

పాత పిట్ సెక్రటరీ:
అమ్మా, అంకె చెప్పాక పది రూపాయలు తగ్గినా మమ్మల్నే తిడతారు. అందుకే ఎవరూ నోరు విప్పరు.

కోల్ బెల్ట్ కోడలు:
చెప్పకపోయినా తిట్టాం కదా బాబాయ్.

రామగుండం డంపర్:
ఇంకోటి. 23 నెలల ఎరియర్స్ ఒకేసారి పడేసరికి ట్యాక్స్ బాగా కోశారు. అప్పటి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో సెక్షన్ 89 కింద రిలీఫ్ ఉండేది, రిటర్న్ వేసే ముందు ఫారం 10ఇ వేయాల్సింది. మా షిఫ్టులో చాలామందికి ఆ పేరే తెలియదు. ఇది చెబితే ఏ బేరం చెడిపోతుంది? ఈ ఒప్పందం గడువు 2026 జూన్ 30 వరకే, తర్వాతి దానికైనా ఏ మీటింగ్ ఏ తేదీన జరిగింది, దేని దగ్గర ఆగింది, రెండు లైన్లు రాసి హాజరు వేసే మస్టర్ దగ్గర అంటించమనండి. ఫొటో లేకుండా.