అప్‌డేట్: పండుగప్ప లైను తెంపడం ఆగింది

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒడ్డు మీద నుంచి గెస్టులతో పండుగప్ప పట్టిస్తుంటే, గాలానికి పడ్డ చేప లైను తెంపుకుని పోతోంది, ఎందుకని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను. బ్రెయిడ్ (సన్నపోగులు అల్లిన లైను) నాసిరకం అనుకున్నాను, అది కాదు. పండుగప్ప పళ్లు గరుకు కాగితంలా సన్నగా ఉంటాయి, కోసేది మొప్ప మూత అంచు. అది బ్లేడులా ఉంటుంది. చేప ఎగిరి తల విదిలించినప్పుడు 20 పౌండ్ల బరువు ఆపే లీడరు (లైను చివర గాలం కట్టే ముక్క) అక్కడే రాసుకుని తెగింది.

ఇప్పుడు 30 పౌండ్ల బ్రెయిడ్‌కి 50 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్) లీడరు, మీటరు పొడవు, రెంటినీ కలిపే ఎఫ్‌జీ ముడితో కడుతున్నాను. ప్రతి చేప తర్వాత లీడరుని వేళ్లతో తడిమి చూడాలి. గరుకు తగిలితే అంతవరకు కోసేసి గాలం మళ్లీ కట్టాలి. దీన్ని బద్ధకించకండి, రెండో చేప పోయేది ఇక్కడే.

డ్రాగు (చేప లాగితే రీలు లైను వదిలే బిగువు) స్ప్రింగ్ త్రాసుతో 3.5 కిలోలకు పెట్టించాను. చేప గాల్లోకి లేవగానే రాడ్డు కొన నీటివైపు వంచమని గెస్టుకి ముందే చెప్పాలి. సర్కిల్ హుక్కు (కొన లోపలికి వంగిన గాలం) అయితే గుంజకూడదు, లైను బిగిసేదాకా నిదానంగా చుట్టాలి.

ఏ వేళ పట్టాలన్న విషయంలో జవాబుల్లో మీరు చెప్పిందే నిజం. పాటు (నీరు సముద్రంలోకి వెనక్కి తీయడం) మొదలయ్యాక, కాలువల నుంచి రొయ్య, చిన్నచేప దిగే మొదటి రెండు గంటలే మేలు.

80 సెంటీమీటర్లు దాటినవి చాలావరకు ఆడవే, మగగా పెరిగి తర్వాత మారినవి. వాటిని రెండు చేతులతో అడ్డంగా ఎత్తి వదిలేయిస్తున్నాం.