విటమిన్ సీ సీరమ్ మూడు వారాలకే నారింజ రంగుకి తిరుగుతోంది, తప్పు ఎక్కడ జరుగుతోంది?

ఎంవీపీ_సీరమ్

అందరికీ నమస్కారమండి. వైజాగ్‌లో చిన్న ఎత్తున ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లంతో (అంటే విటమిన్ సీ) ముఖానికి రాసుకునే సీరమ్ చేస్తున్నాం. బ్యాచ్‌కి 1 కిలో. 100 గ్రాములకి లెక్క ఇది: ఆస్కార్బిక్ ఆమ్లం 15, గ్లిజరిన్ 5, సోడియం హైలురొనేట్ (తేమ పట్టి ఉంచేది) 0.1, ఫినాక్సీఇథనాల్ (సూక్ష్మజీవులు పెరగకుండా వేసే ప్రిజర్వేటివ్) 0.8, మిగతాదంతా ఆర్వో నీళ్లు. చర్మం మంటెక్కకూడదని బేకింగ్ సోడాతో పీహెచ్ (ఆమ్లత కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.8కి తెస్తున్నాం. 30 మి.లీ. తెల్లగాజు సీసా, డ్రాపర్ మూత.

నింపిన రోజు నీళ్లలా ఉంటుంది. పదో రోజుకి లేత పసుపు, మూడు వారాలకి నారింజ. సీసాలు తలుపులున్న అల్మారాలోనే ఉంటాయి, ఎండ తగలదు. గది మాత్రం 31 నుంచి 33 డిగ్రీలు. ఎండ కాకపోతే మరేం పాడుచేస్తోంది? నైట్రోజన్ సిలిండర్ కొని నీళ్లలోకి వదిలితే ఆగుతుందా? రంగు మారిన సరుకు పారబోయాల్సిందేనా?

పరవాడ_బెంచ్‌టాప్

ముందు పీహెచ్ సంగతి చూద్దాం, మీ దగ్గర పెద్ద తప్పు అక్కడే ఉంది. ఆస్కార్బిక్ ఆమ్లం మొదటి పీకేఏ, అంటే సగం ఆమ్లం అయాన్‌గా (విద్యుదావేశం ఉన్న రూపంగా) మారే పీహెచ్, దాదాపు 4.2. పీహెచ్ 3.8 దగ్గర దాదాపు 30 శాతం ఆస్కార్బేట్ అయాన్‌గా మారిపోతుంది. 3.0 దగ్గర అయితే 6 శాతమే. ఆక్సిజన్‌కి తేలిగ్గా దొరికేది ఆ అయాన్ రూపమే. పైగా చర్మంలోకి దిగేది అయాన్ కాని రూపం కాబట్టి 3.5 దాటితే ఆ లాభమూ తగ్గుతుంది. 2.8 నుంచి 3.2 మధ్య ఆపండి. మంట తగ్గించాలంటే పీహెచ్ పెంచకండి, ఆమ్లాన్ని 10 శాతానికి దించండి.

బేకింగ్ సోడా మానేయండి. పొడి పడిన చోట ఆ కాస్త ద్రావణం క్షారంగా మారి అక్కడికక్కడే పసుపు మొదలవుతుంది, బుస్సుమని నురగ వచ్చి తూకమూ చెడుతుంది. 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం చేసుకుని, స్టిరర్ తిరుగుతుండగా చుక్కచుక్కగా వేయండి. 15 శాతం సీరమ్ 100 గ్రాములకి పీహెచ్ 3.0 రావడానికి ఇంచుమించు 2 గ్రాముల ద్రావణం పడుతుంది. 1.5 గ్రాముల దగ్గర ఆగి మీటర్ చూసి, ఆ తర్వాత మిగతాది. పీహెచ్ పేపర్‌తో ఈ పని కాదు. 4.0, 7.0 బఫర్లతో సరిచూసుకున్న మీటర్ ఉండాలి.

రెండోది లోహాలు. రాగి, ఇనుము లీటరుకి మిల్లీగ్రాములో పదో వంతు ఉన్నా ఆక్సీకరణని తోసుకుపోతాయి. ఆర్వో నీళ్లలో లవణాలు తగ్గుతాయే గానీ పూర్తిగా పోవు, పైగా యంత్రం దాటాక ట్యాంకు, కుళాయి, ఇత్తడి కీళ్లు ఉంటాయి. డీమినరలైజ్డ్ లేదా డిస్టిల్డ్ నీళ్లు వాడండి. పెట్రోల్ బంకులో అమ్మే బ్యాటరీ వాటర్ చర్మానికి రాసేదాంట్లో వద్దు, దానికి సూక్ష్మజీవుల పరీక్ష ఉండదు. పాత్రలు గాజువి, లేదంటే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. అన్నిటికన్నా ముందు నీళ్లలో డైసోడియం ఈడీటీఏ (లోహాలని పట్టి ఉంచే పదార్థం) 0.1 శాతం కరిగించండి. రాగిని అది బాగా అణుస్తుంది. ఇనుమును పట్టుకున్నా పూర్తిగా నిద్రపుచ్చలేదు, కాబట్టి ఇనుము అనుమానం ఉన్నచోట అదే జాతికి చెందిన డీటీపీఏ మేలు.

ఇక తోడు యాంటీఆక్సిడెంట్లు. 15 శాతం ఆస్కార్బిక్ ఆమ్లం, 1 శాతం ఆల్ఫా టోకోఫెరాల్ (విటమిన్ ఈ), 0.5 శాతం ఫెరులిక్ ఆమ్లం కలయిక 2005లో ప్రచురితమైంది. ఫెరులిక్ చేరడంతో మిగతా రెండిటి నిలకడ పెరిగిందని, ఎండ నుంచి రక్షణ సుమారు రెట్టింపయిందని అందులో చూపించారు. మీ ఫార్ములాలో ఈ రెండూ లేవు.

గాజు_మూత

నైట్రోజన్ గురించి లెక్క వేసి చూడండి. 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాముల లోపే. అదంతా ఖర్చయినా 44 నుంచి 88 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం పోతుంది. లీటరు సీరమ్‌లో ఉన్నది 150 గ్రాములు. అంటే నీళ్లలో బుడగలు వదిలినంత మాత్రాన ఆదా అయ్యేది ఏమీ లేదు.

అసలు దొంగదారి మూత. సగం ఖాళీ అయిన 30 మి.లీ. సీసాలో 15 మి.లీ. గాలి ఉంటుంది, అందులో సుమారు 3 మి.లీ. ఆక్సిజన్. ఆ ఒక్క గాలి నింపుడే 22 నుంచి 44 మిల్లీగ్రాములు తినగలదు, మిగిలిన 15 మి.లీ. సీరమ్‌లో ఉన్నది 2,250 మిల్లీగ్రాములు. ఒకటి రెండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ వాడేవాళ్లు పొద్దున, రాత్రి మూత తీస్తారు, ప్రతిసారీ కొత్త గాలి వస్తుంది. డ్రాపర్ బుడ్డి నొక్కి సీరమ్‌లో గుడగుడలాడిస్తే మరీ చేటు.

ఒక సీసా మూత తీసి మెడ చుట్టూ చూడండి. మరలు ఉన్నచోట ముదురు గోధుమ రంగు వలయం కనిపిస్తుంది. పల్చటి పొరగా అంటుకున్న సీరమ్ అక్కడ ఆరి, చిక్కబడి, మిగతా అంతటికన్నా ముందు మాడుతుంది. మళ్లీ మూత బిగించినప్పుడు అది లోపలికి జారుతుంది.

డ్రాపర్ వదిలేసి ఎయిర్‌లెస్ పంపు (సరుకు బయటికి వచ్చినా లోపలికి గాలి రానివ్వని) సీసాకి మారండి, అదీ 15 మి.లీ. సైజులో. కొనేముందు ఒక పంపు విప్పి స్ప్రింగ్ ఎక్కడుందో చూడండి. మామూలు లోషన్ పంపుల్లో స్టీల్ స్ప్రింగ్ సరుకులో మునిగి ఉంటుంది. పీహెచ్ 3 ద్రవం దాన్ని నెలల తరబడి కొరుకుతూ ఇనుము దింపుతుంది, మీరు ఈడీటీఏ వేసిన ఫలం పోతుంది. స్ప్రింగ్ బయట ఉన్న రకమే కావాలి. అల్యూమినియం ట్యూబ్ ఆక్సిజన్‌ని బాగా ఆపుతుంది గానీ లోపల లక్క పూత లేకపోతే ఈ ఆమ్లానికి ఆగదు.

నైట్రోజన్ వాడదలిస్తే నీళ్లలో వదిలేకన్నా, నింపాక మూత పెట్టేముందు పైనున్న ఖాళీలోకి ఊదండి. అక్కడ కాస్త ఫలితం ఉంటుంది. సిలిండర్ ఉన్న గదిలో కిటికీలు తెరిచి ఉంచాలి, నైట్రోజన్‌కి వాసన ఉండదు కాబట్టి అది లీకై ఊపిరాడకపోయేదాకా తెలియదు.

ఎంవీపీ_సీరమ్

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. మెడ దగ్గర వలయం నిజంగానే ఉంది. ఫెరులిక్ కొద్దిగా తెప్పించి చూశాం, నీళ్లలో పైపైనే తేలుతోంది, వేడి చేస్తే కరిగి చల్లారాక సన్న సూదుల్లా తిరిగి బయటపడుతోంది. ఏం చేయాలి? ఇంకొకటి, ఆస్కార్బిక్ పొడి ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాం, అయినా సంచి అంచుల్లో పసుపు గడ్డలు కడుతున్నాయి.

పరవాడ_బెంచ్‌టాప్

ఫెరులిక్ నీళ్లలో కరిగేది కాదు. 100 గ్రాముల బ్యాచ్‌కి ఇథాక్సీడైగ్లైకాల్ (ఫెరులిక్‌ని కరిగించే ద్రావకం) 12 గ్రాములు తీసుకుని, అందులో 0.5 గ్రాము ఫెరులిక్ పూర్తిగా కరిగించండి. వేరే గిన్నెలో టోకోఫెరాల్ 1 గ్రాము, పాలిసార్బేట్-80 (నూనెని నీళ్లలో కలిపేది) 4 గ్రాములు బాగా కలిపి దీంట్లో చేర్చండి. అటుపక్క 64 గ్రాముల నీళ్లలో ఈడీటీఏ 0.1, ఆ తర్వాత ఆస్కార్బిక్ 15 గ్రాములు, వేడి పెట్టకుండా. అది తేటపడ్డాక మొదటి మిశ్రమాన్ని సన్నధారగా, స్టిరర్ నెమ్మదిగా తిరుగుతుండగా పోయాలి. సుడి లోతుగా పడిందంటే గాలిని లాగుతున్నట్టే, వేగం తగ్గించండి. ఫినాక్సీఇథనాల్ 0.8 వేసి, చివర్లో పీహెచ్ సరిచేసి, నీళ్లతో 100కి నింపండి.

ఇక్కడ చాలామంది చూడని చిక్కొకటుంది. పాలిసార్బేట్, ఇథాక్సీడైగ్లైకాల్ రెండూ ఈథర్ జాతివి. డబ్బా తెరిచి నెలలు గడిస్తే వాటిలోనే పెరాక్సైడ్లు (ఆక్సీకరణ చేసే పదార్థాలు) పుడతాయి. నిలకడ కోసం వేసినదే లోపలి నుంచి తినేస్తుంది. పెరాక్సైడ్ స్ట్రిప్ ముంచి చూసి, రంగు తిరిగితే ఆ డబ్బా వాడకండి. చిన్న డబ్బాలే కొనండి, మూత మీద తెరిచిన తేదీ రాయండి.

టైట్రేషన్_టేబుల్

పొడి సంగతి. ఎండుగా ఉన్న ఆస్కార్బిక్ ఆమ్లం చాలా గట్టిది, గాలిలో తేమ 90 శాతం ఉన్నా దానంతటది నీరు పట్టదు. మీ సంచిలో చేరేది పొడి పీల్చుకున్న తేమ కాదు, చల్లటి వస్తువు మీద పట్టే చెమ్మ. వానాకాలం వైజాగ్ గాలి 25, 26 డిగ్రీల దగ్గరే మంచు కడుతుంది. 22 డిగ్రీల గదిలోంచి తెచ్చిన సంచిని బయట వెంటనే విప్పితే చల్లటి పొడి మీద సన్నని చెమ్మ పడుతుంది. ఆ చెమ్మలో ఆమ్లం కరిగి, స్టీల్ గరిటె వదిలిన ఇనుముతో కలిసి పసుపు గడ్డ అవుతుంది. తూకం కూడా ఏసీ గదిలోనే వేయండి, లేదా మూసిన సంచిని బయట రెండు మూడు గంటలు ఉంచి ఆ తర్వాత విప్పండి. బ్యాచ్‌కి సరిపడా 150 గ్రాముల ఫాయిల్ పొట్లాలుగా ముందే విడగొట్టుకోవడం ఇంకా నయం.

రంగు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ఆస్కార్బిక్ ముందు డీహైడ్రోఆస్కార్బిక్‌గా మారుతుంది, దానికి రంగు లేదు. అది నీళ్లతో చర్య జరిపి డైకీటోగులోనిక్ ఆమ్లం అయ్యాక వెనక్కి రాదు. రంగు ఆ తర్వాతి ముక్కలది, కొంచెం ఉన్నా కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కాబట్టి లేత పసుపు చూసి అంతా పోయిందనుకోవద్దు, తెల్లగా ఉందని అంతా ఉందనీ అనుకోవద్దు. కొలవాలి.

ఇది బీఫార్మసీ పిల్లలు చేసే టైట్రేషనే, అంటే ఎంత అయోడిన్ ఖర్చయిందో చూసి ఆమ్లం ఎంతుందో లెక్కకట్టడం. సీరమ్ 1 గ్రాము కచ్చితంగా తూచి, మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ నీళ్లు 50 మి.లీ., సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం 10 మి.లీ., స్టార్చ్ ద్రావణం 1 మి.లీ. వేసి, 0.1 నార్మల్ (గాఢత కొలత) అయోడిన్‌తో నీలిరంగు అర నిమిషం నిలిచేదాకా పోయండి. 1 మి.లీ. అయోడిన్ 8.806 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లంతో సమానం. 15 శాతం సీరమ్‌కి 17.0 మి.లీ. రావాలి. 15.3 వచ్చిందంటే 90 శాతం మిగిలింది. సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే అది కూడా అయోడిన్ తాగుతుంది, లెక్క ఎక్కువ చూపిస్తుంది. అయోడిన్ గాఢతని వాడే రోజున థయోసల్ఫేట్ ద్రావణంతో సరిచూడాలి.

నిలకడ పరీక్షకి ఫ్రిజ్‌లో, 30 డిగ్రీల దగ్గర, 40 డిగ్రీల దగ్గర వేరువేరుగా పెట్టి 0, 2, 4, 8 వారాలకి కొలవండి. ప్రతి తేదీకీ విప్పని కొత్త సీసా. ఒకే సీసా మళ్లీమళ్లీ తీస్తే మీరు కొలిచేది మూత తీసిన నష్టాన్ని. ఇంకో వరసలో రోజుకి రెండుసార్లు తీసి మూసినవి కూడా ఉండాలి, కొన్నవాళ్ల ఇంట్లో జరిగేది అదే. మీ దగ్గరున్న నారింజ సరుకు మాత్రం అమ్మకండి, ఆ రంగు చర్మానికీ దిండు గలీబులకీ అంటుతుంది.

తీరం_ఫార్మ్

ఒక్క మాట కలుపుతాను. మే నెలలో కొరియర్ బండిలో మధ్యాహ్నమంతా తిరిగే సరుకైతే ఎల్-ఆస్కార్బిక్ పట్టుకుని వేలాడకండి. ఆ ఎండాకాలం నెలలకి సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్‌తో (విటమిన్ సీకి ఫాస్ఫేట్ తగిలించిన రూపం) వేరే ఫార్ములా పెట్టుకోండి. బలం తక్కువే, నిలకడ ఎక్కువ. అయితే దాని పీహెచ్ పూర్తిగా వేరు, 6.5 నుంచి 7 దగ్గర ఉండాలి. 6 కన్నా కిందికి దిగితే ఫాస్ఫేట్ ఊడిపోయి మళ్లీ మామూలు ఆస్కార్బిక్ బయటపడి పసుపెక్కుతుంది. పై సీరమ్‌లో ఆమ్లం తీసేసి దీన్ని వేస్తే సరిపోతుందనుకోవద్దు. పీహెచ్ పెరిగింది కాబట్టి ప్రిజర్వేటివ్ సూక్ష్మజీవులని ఆపుతోందా అన్న పరీక్ష కూడా మళ్లీ మొదటి నుంచి చేయాలి, 3 దగ్గర ఆమ్లమే సగం కాపలా కాసేది, 7 దగ్గర ఆ కాపలా ఉండదు.